ట్రాలీ వెనక ఎర్ర దీపం

దీపావళి దాటిందంటే మా ఆదిలాబాద్ ఏజెన్సీలో పత్తి బయటికి వస్తుంది. చేన్లో ఏరిన పత్తి ఇంటికి రావాలి, ఇంటి నుంచి మార్కెట్ యార్డుకు పోవాలి. ట్రాక్టర్లు పగలంతా నింపుకుంటాయి, రాత్రి బయలుదేరుతాయి. తెల్లారేసరికి యార్డు గేటు ముందు వరుసలో నిలబడాలి కదా! ఉట్నూరు, ఇంద్రవెల్లి, నార్నూరు రోడ్ల మీద ఆ నెలల్లో రాత్రిపూట బండి నడిపినవాళ్లకు ఈ సంగతి తెలుసు. ముందు చీకట్లో ఇంకా నల్లగా ఏదో గుట్టలా ఉంటుంది. దగ్గరికి పోయాక గాని అది పత్తి ట్రాలీ అని తెలియదు. దానికి వెనక లైటు ఉండదు.

మా పెద్దలు ఎడ్లబండ్ల మీద తిరిగారు. కేస్లాపూర్ నాగోబా జాతరకు చకడాలు కట్టుకుని పోయేవాళ్లు. రాత్రి ప్రయాణమైతే బండి కింద ఇరుసు దగ్గర లాంతరు వేలాడదీసేవాళ్లు. అది దారి చూపేందుకు కాదు, దారి ఎడ్లకే తెలుసు. వెనక వచ్చేవాడికి ఇక్కడొక బండి ఉందని చెప్పేందుకు ఆ లాంతరు. ఇప్పుడు చకడా పోయి ట్రాలీ వచ్చింది. ట్రాలీకి రెండు ఎర్ర లైట్లు, ఇండికేటర్లు, ఏడు పిన్నుల సాకెట్టు అన్నీ కొన్నప్పుడు ఉంటాయి. రెండు వానాకాలాలు గడిచేసరికి అవి పేరుకే మిగులుతాయి. లాంతరు ఉన్న బండి నుంచి దీపం లేని బండికి వచ్చాం. దీన్ని ముందుకు పోవడం అనాలా, వెనక్కి పోవడం అనాలా అని మేము పిల్లల్ని అడుగుతుంటాం.

ఇది మేము ఊరికే రాస్తున్న సంగతి కాదు. మా బడిలో పదో తరగతి పాసై, ఇంటర్ చదువుతూ పత్తి సీజన్లో కూలికి పోయే ఒక పిల్లవాడు రాత్రి బైకు మీద ఇంటికి వస్తూ రోడ్డు పక్కన ఆగి ఉన్న ట్రాలీ వెనక గుద్దుకుని చనిపోయాడు. ట్రాలీ టైరు పంచరై ఆగింది. దానికి లైటు లేదు, రేడియం స్టిక్కరు లేదు, వెనక ఒక చెట్టు కొమ్మ కూడా పెట్టలేదు. తెల్లారి అక్కడ గుమికూడినవాళ్ల నోట మొదట వచ్చిన మాట ఏమిటో తెలుసా? "తాగి ఉంటాడు." ఆ పిల్లవాడికి తాగే అలవాటు లేదు. అయినా గూడెం పిల్లవాడు రాత్రి రోడ్డు మీద చనిపోతే మొదటి మాట అదే అవుతుంది. ట్రాలీకి లైటు ఎందుకు లేదని ఎవరూ అడగలేదు. ఆ ట్రాలీ ఎవరిదో ఇక్కడ రాయడం మా ఉద్దేశం కాదు. మా ఊళ్లలో తిరిగే ట్రాలీలు చాలావరకు అలాగే ఉన్నాయి కాబట్టి ఒకరి పేరు చెప్పి ప్రయోజనం లేదు.

తాగి ఉంటాడు అన్న మాటకు మేము లెక్కతో జవాబు చెప్పదలిచాం. టీచర్లం కదా, మా చేతిలో ఉన్నది అదే. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే బైకు ఒక్క సెకనులో దాదాపు 14 మీటర్లు పోతుంది. పాత బైకు లైటు చీకటి రోడ్డు మీద ఒక 30 మీటర్ల దాకా చూపిస్తుందని అనుకుందాం. అంటే ముందు ఏదో ఉందని కంటికి తెలిసినప్పటి నుంచి గుద్దుకునే దాకా రెండు సెకన్లు. అందులో ఒక సెకను చూసింది అర్థం కావడానికే పోతుంది. మిగిలిన ఒక్క సెకనులో, 16 మీటర్లలో, బండి ఆగాలి. మంచి రోడ్డు, మంచి బ్రేకులు ఉన్నా ఆగడం కష్టం. కంకర తేలిన రోడ్డు మీద అసలు ఆగదు. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989 ప్రకారం వెనక ఎర్ర లైటు 155 మీటర్ల దూరానికి కనబడాలి. 155ను 14తో భాగించండి. 11 సెకన్లు వస్తాయి. లైటు ఉంటే 11 సెకన్లు, లేకపోతే 2 సెకన్లు. ఆ పిల్లవాడికి అందకుండా పోయింది ఆ 9 సెకన్లే. ఈ లెక్క బోర్డు మీద వేసిన రోజు తరగతిలో ఎవరూ మాట్లాడలేదు.

మరి లైట్లు ఎందుకు పోతాయి, పోతే ఎందుకు బాగు చేయించరు? ట్రాక్టరు ఉన్నవాళ్లను అడిగితే చెప్పేది ఒకటే: "బల్బులు వేసి వేసి విసుగొచ్చింది సార్. వారం వెలుగుతది, మళ్లీ బంద్. టౌనుకు పోతే మిస్త్రీ దగ్గర ఒక రోజు పోతది." సీజన్లో ఒక రోజు పోతే కిరాయి పోయినట్టే. ఈ మాటలో అబద్ధం లేదు. కాని చెడిపోయేది ప్రతిసారీ బల్బు కాదు. ఆ సంగతి తెలుసుకునేందుకే ఒక ఆదివారం మా గూడెం ట్రాక్టరు దాదాను అడిగి, హెడ్మాస్టరు గారి అనుమతితో, ట్రాలీని బడి ఆవరణలోకి తెప్పించాం. టీటీసీ శిక్షణలో మాకు చుట్టుపక్కల దొరికే వస్తువులనే బోధనోపకరణాలుగా వాడుకోమని చెప్పారు. ఇంత పెద్ద బోధనోపకరణం జిల్లాలో ఇంకెవరూ వాడి ఉండరని పిల్లలు నవ్వుకున్నారు.

ముందు జాగ్రత్తలు చెప్పాం. ఇంజను బంద్ చేసి, చక్రాల కింద రాళ్లు పెట్టాలి. డబ్బా పైకి లేపి ఉంటే దాని కిందికి ఎవరూ పోకూడదు. బ్యాటరీ 12 వోల్టులది, ముట్టుకుంటే షాకు కొట్టదు. కాని దాని రెండు కొనల మీద పానా పడితే నిప్పులు లేస్తాయి, చెయ్యి కాలుతుంది. బ్యాటరీ దగ్గర అగ్గిపుల్ల గీయకూడదు. ఆ తర్వాత మా పనిముట్టు బయటికి తీశాం. 12 వోల్టుల 5 వాట్ల చిన్న బల్బు, ఒక హోల్డరు, దానికి రెండు పొడుగాటి వైర్లు. అంతే. ఒక వైరు కొనకు క్లిప్పు, ఇంకో కొనకు మేకు. దీన్ని పిల్లలు పరీక్ష బల్బు అని పిలుస్తున్నారు.

మీటరు ఉండగా బల్బు ఎందుకని ఒక యువ ఉపాధ్యాయుడు అడిగాడు. మంచి ప్రశ్న. వైరు లోపల పది పోగుల్లో తొమ్మిది తెగి ఒక్కటే మిగిలినా మీటరు 12 వోల్టులు అనే చూపిస్తుంది, ఎందుకంటే మీటరు కరెంటును దాదాపుగా వాడుకోదు. బల్బు వాడుకుంటుంది. ఒక్క పోగు మీద, తుప్పు పట్టిన అతుకు మీద పని చేయమంటే బల్బు మసకబారి నిజం చెప్పేస్తుంది. ఎల్ఈడీ పెట్టినా అదే ఇబ్బంది, కొంచెం కరెంటుకే అది మెరుస్తుంది. మనిషి బలం తెలియాలంటే మూట ఎత్తించి చూడాలి కదా, ఇదీ అంతే.

వెతకడంలో ఒక వరుస ఉంది. మొదటి ప్రశ్న: తప్పు ట్రాక్టరులోనా, ట్రాలీలోనా? ట్రాలీ ప్లగ్గు ఊడదీసి, ట్రాక్టరు వెనక సాకెట్టులో పరీక్ష బల్బు పెట్టాలి. క్లిప్పును ట్రాక్టరు ఇనుముకు గట్టిగా పట్టించి, మేకును ఒక్కో పిన్నుకు తాకించాలి. పార్కింగ్ లైటు వేస్తే ఒక పిన్ను దగ్గర, బ్రేకు తొక్కితే ఇంకో పిన్ను దగ్గర, ఇండికేటరు వేస్తే మరో పిన్ను దగ్గర బల్బు వెలగాలి. ఏడు పిన్నుల సాకెట్టు వెనక చిన్న అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఎల్ అంటే ఎడమ ఇండికేటరు, ఆర్ అంటే కుడి. 54 బ్రేకు, 58 పార్కింగ్, 31 ఎర్తు. వైరు రంగును మాత్రం నమ్మకూడదు. ట్రాలీ తయారు చేసినవాళ్లు, తర్వాత బాగు చేసినవాళ్లు చేతికి దొరికిన రంగు వేస్తారు. ఇక్కడ వెలిగితే ట్రాక్టరు బాగున్నట్టే. వెలగకపోతే ఫ్యూజు చూడాలి.

ఫ్యూజు దగ్గర కొంచెం ఆగాలి. పోయిన ఫ్యూజు ఏదో ఒకటి చెబుతోంది: ఎక్కడో వైరు ఇనుముకు తాకుతోంది. ట్రాలీ చాసిస్ రంధ్రం అంచుకు రాసుకుని ప్లాస్టిక్ తొడుగు పోయి ఉండవచ్చు, వానాకాలంలో కొట్టంలో పెట్టినప్పుడు ఎలుకలు కొరికి ఉండవచ్చు. ఆ మాట వినకుండా ఫ్యూజు స్థానంలో సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టేవాళ్లు ఉన్నారు, రాగి తీగ కట్టేవాళ్లు ఉన్నారు. అప్పుడు ఫ్యూజు కాలదు, వైరు కాలుతుంది. ఆ వైరు పైన ఉన్నది ఏమిటి? పత్తి. ఆరు నెలల కష్టం మంట పుట్టేందుకు చాలినంత దగ్గర్లో ఉంటుంది. అందుకే ఎంత ఆంపియర్ల ఫ్యూజు పోయిందో అంతదే వేయాలి, వేసే ముందు రాసుకున్న వైరును వెతికి టేపు చుట్టాలి.

ఇక ట్రాలీ వైపు. మేము తెప్పించిన ట్రాలీకి ఒక వింత జబ్బు ఉంది. ఎడమ ఇండికేటరు వేస్తే అది సరిగా వెలగడం లేదు గాని, రెండు పక్కలా ఎర్ర లైట్లు మసగ్గా మినుకుమంటున్నాయి. బండి గుంతలో పడి లేస్తే ఒక్క క్షణం అన్నీ బాగా వెలిగి, మళ్లీ పడుకుంటాయట. "మూడుసార్లు బల్బులు మార్చిన సార్. దీనికి ఏదో పట్టింది" అన్నాడు దాదా. పిల్లలు చుట్టూ చేరి ఒకరు బల్బు అన్నారు, ఒకరు బ్యాటరీ అన్నారు. బల్బులు తీసి నేరుగా బ్యాటరీకి పెట్టి చూశాం, అన్నీ బాగున్నాయి. సాకెట్టు పిన్నులకు పచ్చటి చిలుము పట్టి ఉంటే గరుకు కాగితంతో రుద్దాం. కొంచెం మెరుగైంది, జబ్బు పోలేదు.

అప్పుడు పదో తరగతి అమ్మాయి ఒకరు వెనక నుంచి అన్న మాట మాకు ఇప్పటికీ గుర్తు. "సార్, ఏర్ లోపలికి పోతున్నది. బయటికి పోయే సర్రి లేదు." మా గోండిలో ఏర్ అంటే నీళ్లు, సర్రి అంటే దారి. విద్యుత్ వలయం అని మేము ఏళ్ల తరబడి బోర్డు మీద రాస్తూ వచ్చాం, పిల్లలు నోట్సులో రాసుకుంటూ వచ్చారు. వలయం అంటే ఏమిటో ఆ అమ్మాయి తన మాటలో చెప్పింది. పొలంలోకి పెట్టిన నీళ్లకు పోయే దారి లేకపోతే నిలిచిపోతాయి, లేదా ఎక్కడ పల్లముంటే అక్కడ గట్టు తెంచుకుని పక్క మడిలోకి పోతాయి. ఇండికేటరు బల్బులోకి వచ్చిన కరెంటు బ్యాటరీకి తిరిగి పోయే దారి తెగింది. అది పక్కనున్న ఎర్ర లైటు బల్బులోంచి పార్కింగ్ వైరు పట్టుకుని దొంగదారిన వెనక్కి పోతోంది. అందుకే వేసింది ఒకటి, వెలిగేది ఇంకొకటి.

దాదాకు పట్టిన దెయ్యం ఇదే. ట్రాక్టరులో ఇనుప శరీరమంతా బ్యాటరీ మైనస్ కొనకు కలిసి ఉంటుంది. దాన్నే బాడీ ఎర్తు అంటాం. ట్రాలీకి వచ్చేసరికి ఆ తిరుగు దారి 31 పిన్నులో ఉన్న వైరు మీదుగా పోవాలి. ఆ వైరు తెగినా, అసలు వేయకపోయినా, ట్రాలీని ట్రాక్టరుకు కలిపే హుక్కు, పిన్ను మీదుగానే కరెంటు తిరిగి పోవాలి. ఆ హుక్కుకు గ్రీజు, తుప్పు, మట్టి. బండి లాగుతుంటే తాకుతుంది, వదిలితే వదులవుతుంది. గుంతలో పడినప్పుడు లైట్లు వెలగడానికి కారణం అది. నిర్ధారించుకునే పద్ధతి చాలా తేలిక. ఒక పొడవు వైరు తీసుకుని ఒక కొన ట్రాక్టరు ఇనుముకు, ఇంకో కొన ట్రాలీ లైటు బిగించిన చోట రంగు గీకి ఇనుముకు పట్టించాలి. అన్ని లైట్లూ ఒక్కసారిగా బాగా వెలిగితే తప్పు ఎర్తుదే. అమ్మాయి వైరు పట్టుకుంది, దాదా ఇండికేటరు వేశాడు. రెండు నిమిషాలు ఎవరూ కదలకుండా ఆ టక్ టక్ చూస్తూ నిలబడ్డారు. ప్లగ్గు విప్పితే ఎర్తు వైరు స్క్రూ దగ్గర విరిగి ఉంది. కొత్త కొన వలిచి బిగించాం. ఖర్చు లేదు.

ఆ సాయంత్రమే దీన్ని లెక్కగా మార్చాం. పై తరగతుల టీచర్లు వాడుకోవచ్చని ఇక్కడ ఇస్తున్నాం. బ్రేకు బల్బు 21 వాట్లు, 12 వోల్టులు. 12ను 12తో గుణించి 21తో భాగిస్తే నిరోధం సుమారు 7 ఓములు. రెండు బల్బులు సమాంతరంగా ఉన్నాయి కాబట్టి కలిపి 3.5 ఓములు. హుక్కు దగ్గర తుప్పు వల్ల 2 ఓములు అదనంగా చేరాయనుకుందాం. మొత్తం 5.5. కరెంటు 12 భాగించు 5.5, అంటే దాదాపు 2.2 ఆంపియర్లు. బల్బులకు దక్కేది 7.6 వోల్టులు. అప్పుడు 21 వాట్ల బల్బు ఒక్కొక్కటి 8 వాట్లే ఇస్తుంది. తంతువు వేడి తగ్గితే దాని నిరోధం కూడా తగ్గుతుంది కాబట్టి నిజం బండిలో అంకె కొంచెం మారుతుంది, కాని దారి ఇదే. రెండు ఓముల తుప్పు సగానికి పైగా వెలుగును తినేస్తుందని తెలిశాక ఏ పిల్లవాడూ ఓమ్ నియమాన్ని బట్టీ పట్టనక్కరలేదు.

ఇంకా చూడవలసినవి కొన్ని ఉన్నాయి. ఒకే లైటు పోయి మిగతావి బాగుంటే బల్బు, హోల్డరు చూడండి. హోల్డరులో స్ప్రింగు తుప్పు పట్టి బల్బును నొక్కకపోవడం మామూలు. బ్రేకు, పార్కింగ్ రెండూ ఒకే బల్బులో ఉంటే దానికి రెండు తంతువులు, పక్కన రెండు ముడులు ఒకటి పైకి ఒకటి కిందికి ఉంటాయి, తిరగేసి బలవంతంగా దూర్చకూడదు. ఒక పక్క ఇండికేటరు మామూలు కన్నా వేగంగా కొట్టుకుంటే చాలా బండ్లలో ఆ పక్క బల్బు పోయినట్టు. వైరు మధ్యలో తెగేది ఎక్కువగా రెండు చోట్ల: ముందు హుక్కు దగ్గర, వెనక్కి డబ్బా లేచే మడత దగ్గర. బండి తిప్పినప్పుడు లాగుడు పడకుండా, నేల మీద ఈడ్చుకోకుండా అక్కడ వైరును చిన్న మెలికగా వదిలి కట్టాలి. లైటు అద్దం పగిలితే లోపల నీళ్లు చేరతాయి, కాబట్టి కొత్త అద్దం వచ్చేదాకా దళసరి ఎర్ర ప్లాస్టిక్ అయినా కట్టాలి. ఇవన్నీ అయ్యాక కూడా ట్రాలీ వెనక రేడియం స్టిక్కర్లు అంటించండి. బ్యాటరీ అయిపోయినా, వైరు తెగినా, ఎదుటి బండి వెలుగుకు అవి మెరుస్తాయి.

ట్రాక్టర్లు మనలో కొద్దిమందికే ఉన్నాయి. కాని ట్రాలీల్లో ఎక్కువగా ప్రయాణం చేసేది మనమే. పత్తి ఏరడానికి పోయే ఆడవాళ్లు, దండారి ఆడి పక్క గూడెం నుంచి రాత్రి తిరిగొచ్చే గుంపులు, పెళ్లికి పోయే చుట్టాలు. మనుషుల్ని ట్రాలీలో తీసుకుపోకూడదని చట్టం చెబుతుంది. బస్సు రాని గూడేల్లో ఆ చట్టం ఎలా అమలవుతుందో అందరికీ తెలుసు. బస్సు అడగడం మానకూడదు, అది మన హక్కు. బస్సు వచ్చేదాకా మన పిల్లలు కూర్చునే ట్రాలీకి వెనక దీపం ఉందో లేదో చూసుకోవడం మన చేతిలోని పని.

ఉపాధ్యాయ మిత్రులకు మా సూచన ఒకటే. దసరా సెలవులు ముగిశాక, పత్తి బండ్లు రోడ్డు ఎక్కే లోపల, ఒక సాయంత్రం మీ బడి దగ్గరికి ఊళ్లోని ట్రాలీలను పిలవండి. ఒక్కో ట్రాలీకి ఇద్దరు పిల్లలు, ఒక పరీక్ష బల్బు, ఒక కాగితం. పార్కింగ్, బ్రేకు, ఎడమ, కుడి, రేడియం అని ఐదు గళ్లు గీసి టిక్కు పెట్టించండి. చిన్నవి అక్కడే బాగవుతాయి. పెద్దవి మిస్త్రీ దగ్గరికి పోతాయి, కాని జబ్బు పేరు తెలిసి పోతాయి కాబట్టి రోజు పట్టే పని గంటలో అవుతుంది. మా ఊళ్లో మొదటి ఏడాది ఇద్దరే వచ్చారు. తర్వాత ట్రాక్టరు దాదానే మిగతావాళ్లను పిలుచుకొచ్చాడు.

యువకులకు ఇంకో మాట. ఈ పని నేర్చుకుంటే ఊళ్లో ఒక కొలువు ఉంది. వైరు, టేపు, బల్బులు, గరుకు కాగితం, పరీక్ష బల్బు ఒక సంచిలో పడతాయి. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివిన తమ్ముళ్లు, చెల్లెళ్లు పట్నంలో పని దొరకలేదని ఊరికే కూర్చోవద్దు. అమ్మాయిలకు ఈ పని రాదని ఎవరన్నా అంటే మా బడికి తీసుకురండి. బయటికి పోయే సర్రి ఎక్కడ తెగిందో కనిపెట్టిన అమ్మాయి ఇప్పుడు పాలిటెక్నిక్ చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడల్లా దాదా ట్రాలీ వెనక్కి పోయి, బ్రేకు తొక్కమని కేకేసి చూస్తుంది.